మా పొగగొట్టం మీద దేశం పొగ

దొడ్డబళ్ళాపురం.

ఇంధన ఉద్గారాల అవగాహన విభాగం ప్రధాన అధికారి గారి సముఖమునకు,
బెంగళూరు.

అయ్యా,

విషయం: దేశంలో బొగ్గు, పెట్రోలు, గ్యాసు మండించుట వలన ముప్ఫై ఏళ్ళకు పైగా పెరుగుతూ వచ్చిన పొగకంతటికీ నా ఒక్కడి ఫోటో వేసినందుకు అభ్యంతరము, మా రంగుల పొయ్యికి వేసిన సీలు తక్షణము తీయించుట గురించి.

పట్టునూలుకు రంగు వేసి బతికే నారాయణప్ప అను నేను విన్నవించుకొనునది ఏమనగా: ఇది నా రెండవ అర్జీ. మొదటిది కన్నడంలో ఇచ్చాను. తమరు తెలుగువారని తమ డ్రైవరు చెప్పినందున, అర్థం కాలేదన్న సాకు తమకు మిగలకూడదని ఇది తెలుగులో రాస్తున్నాను.

1. గత దసరాకు తమ విభాగం నుండి శ్రీకాంత్ అను ఉద్యోగి కెమెరాతో మా ఇంటికి వచ్చెను. పాతకాలపు పనులను ఫోటోలు తీస్తున్నామని చెప్పెను. ఆయుధపూజనాడు మేము పొయ్యి ఆర్పి, రంగు కాచే గుండిగలు కడిగి బొట్లు పెడతాము. మరునాడు మళ్ళీ ముట్టించేటప్పుడు తొలి మంటలో సాంబ్రాణి వేయుట మా ఇంటి ఆనవాయితీ. పొగ ఎంత చిక్కగా వస్తే ఆ ఏడాది అంత పని దొరుకుతుందని మా నమ్మకము. "ఇంకొంచెం పొగ వస్తే ఫోటో బాగుంటుంది" అని శ్రీకాంత్ అడగగా, నా భార్య నాగమ్మ "దానికేమప్పా, దండిగా ఉండాది" అని డబ్బాలో ఉన్నదంతా పొయ్యిలో గుమ్మరించెను. నేను జరీ పంచె కట్టుకొని పొగగొట్టం కింద నవ్వుతూ నిలబడ్డాను. నవ్వమన్నది కూడా మీవాడే.

2. సదరు ఫోటోను తమరు గోడంత బోర్డు చేయించి బెంగళూరు మెజెస్టిక్‌లోను, యలహంకలోను, మా ఊరి బస్టాండులోను నిలబెట్టారు. పైన "ఇంధనం నుంచి దేశ ఉద్గారాలు: 1990 నుంచి నేటి వరకు" అని రాసి ఎర్ర గీత ఒకటి గీశారు. ఆ గీత నా నెత్తి మీద మొదలై పైకి పోతుంది. కరోనా ఏడాది కాస్త వంగి, మళ్ళీ లేస్తుంది. కింద నేను నవ్వుతూనే ఉన్నాను. మా వీధిలో నేత నేసే పెద్దన్న అది చూసి వచ్చి, "ఏమప్పా, దేశానికంతా నువ్వే పొగ పెట్టినావంట" అన్నాడు. అతను ఎగతాళికి అన్నాడు. ఊరు నిజమే అనుకుంది.

3. 1990లో మా నాన్నకు నాలుగు పొయ్యిలు ఉండేవి. రంగు వేసిన నూలే బయటి నుంచి రావడం మొదలయ్యాక ఒక్కొక్కటే ఆరిపోయి, ఇప్పుడు ఒకటి మిగిలింది. నా బొమ్మకు గీత గీయాలంటే కిందికి గీయాలి. పైకి పోయిన గీత ఎవరిదో తమ బోర్డు అడుగునే చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: కరెంటు కోసం కాల్చే బొగ్గుది అన్నిటికన్నా పెద్ద వాటా, తర్వాత ఫ్యాక్టరీలు, బండ్లు. మరి ఆ కరెంటు కేంద్రం ఫోటో ఎందుకు వేయలేదు? అక్కడ గేటు దగ్గరే కెమెరాను ఆపుతారు. మేము కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాము.

4. నేనూ వచ్చి విన్న బెంగళూరు మీటింగులో తమరు, "దేశం పొగను జనాభాతో భాగిస్తే మనిషికి వచ్చేది ప్రపంచ సగటు కన్నా తక్కువే" అని సెలవిచ్చారు. సంతోషం. దేశాన్ని ఎవరైనా అడిగితే జనాభాతో భాగిస్తారు, నన్ను మాత్రం భాగించకుండా నిలువునా బోర్డెక్కిస్తారా? తమరు ఆ మాట చెబుతున్నంతసేపూ హాలు వెనక డీజిల్ జనరేటరు మోగుతూనే ఉంది. సిగ్గుండాలి. ఈ మాట కొట్టేయమని పక్కింటివాళ్ళు చెప్పారు. నేను కొట్టేయను.

5. ఇక అసలు సంగతి. "అది మా పొగగొట్టం, మమ్మల్ని అడగకుండా బొమ్మ వేశారు, తీసేయండి" అని మొదటి అర్జీలో రాసుకున్నాను. దానికి జవాబు రాలేదు, మనుషులు వచ్చారు. "ఫోటోలోని పొగగొట్టం తనదేనని అర్జీదారు స్వయముగా, లిఖితపూర్వకముగా అంగీకరించినందున" అని కాగితం చదివి, మొన్న పొయ్యి గదికి తాళం వేసి సీలు కొట్టారు. అప్పుడు లోపల గుండిగలో ఎర్రరంగులో పట్టు నానుతూ ఉంది. "అది తీసుకుంటామప్పా, ఒక్క గంట తాళండి" అని నాగమ్మ చేతులు జోడించింది. రూలు ఒప్పుకోదన్నారు.

అయ్యా, ఆ పట్టు పెద్దన్నది. అతనికి ఉన్నది ఒక్క మగ్గం. ఆ నూలు పోతే మళ్ళీ తెచ్చుకునే శక్తి అతనికీ లేదు, తెచ్చి ఇచ్చే శక్తి నాకూ లేదు. రంగునీళ్ళలో అట్లే ఉంటే పట్టు మచ్చలు కడుతుంది, ఇంకా ఉంటే కుళ్ళుతుంది. కిటికీ సందులోంచి వాసన రావడం మొదలైంది. పెద్దన్న పొద్దున్నే వచ్చి మా అరుగు మీద కూర్చుంటున్నాడు, తాళాన్ని చూసి లేచి పోతున్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

కావున తమరు దయ తలచనవసరం లేదు, తప్పు దిద్దుకుంటే చాలు. సీలు తీయించండి, బోర్డులు దించండి. కట్టెల పొయ్యి కూడదంటే వేరే పొయ్యికి దారి చూపండి, మారతాము. మారమని ఇంతవరకు మమ్మల్ని ఎవరూ అడగలేదు, ఫోటో తీసుకుని పోయారు.

చిత్తగించవలెను. చిత్తానికి తీరిక లేకపోతే తాళంచెవి అయినా పంపవలెను.

ఈ పూటకు ఇంకా తమ విధేయుడు,
నారాయణప్ప

తా.క.: సంతకం పెట్టి తలెత్తేసరికి లోపల గుండిగ కదిలిన చప్పుడు వినిపించింది. నాగమ్మ, పెద్దన్న కలిసి సీలు పీకి, తాళం పగలగొట్టి, పొయ్యి ముట్టించేశారు. "రాసింది చాలు, రా. పెద్దన్న ఒక్కడే గుండిగ ఎత్తలేకుండా ఉండాడు" అని నాగమ్మ కేకేస్తోంది. తాళం నేనే పగలగొట్టానని రాసుకోండి, వాళ్ళ పేర్లు వద్దు. పట్టు సగం పోయింది. మిగిలిన సగానికి మళ్ళీ రంగు ఎక్కించాలి. నన్ను పట్టుకుపోయే మనుషులను సాయంత్రం తర్వాత పంపండి. ముందే వస్తే అరుగు మీద కూర్చోవాలి, నూలు ఆరేవరకు నేను రాను.