మొలవని పెసలు

బుధవారం, రేపల్లె

మా హెడ్‌మాస్టర్ మొహం తలుచుకుంటేనే ఒళ్లు మండుతోంది. ఉప్పునీళ్లలో కూడా పెసలు మొలుస్తాయని తొమ్మిదో తరగతి సువార్త పరికల్పన రాసుకుంది. అవి మొలవలేదు. "నా పరికల్పన తప్పింది" అని నిజాయితీగా రికార్డులో రాసింది. రేపు తనిఖీ అని ఆయన ఆ పేజీ చూశాడు.

"తప్పిందని రాస్తే స్కూలు పరువేం కావాలి? మొలిచాయని రాయమ్మా" అన్నాడు.

నేను నోరెత్తలేదు. పిల్ల పాతది కొట్టేసి, ఆయన చెప్పింది రాసి, నావైపు తిరిగింది.

"టీచర్, దీన్ని పరిశీలన అంటారా, నిర్ధారణ అంటారా?"

"అబద్ధం అంటారమ్మా" అన్నాను, ఆయనకు వినబడేలాగే.

"మీకు మెమో ఇస్తానండి!" అని అరిచాడు.

ఇచ్చుకోనీ. ఆ పేజీ చింపించి, సువార్త చేత మళ్లీ నిజమే రాయించాను. కానీ పిల్ల అడిగేదాకా నేనెందుకు ఆగాను? ఆయన మీద కంటే నా మీదే ఎక్కువ కోపంగా...