ఫర్నేస్ నలుపు

కూర్మన్నపాలెం,
సోమవారం

ప్రియమైన ఏమండోయ్ గారికి,

ఒకే ఇంట్లో ఉంటూ ఈ ఉత్తరమేమిటని నవ్వకండి. మీరు స్టీల్‌ప్లాంట్ బి షిఫ్టు నుంచి వచ్చేసరికి నేను నిద్ర. నేను అచ్యుతాపురం కంపెనీ బస్సెక్కేసరికి మీరు నిద్ర. ఫోన్లో అడగబోతే ఏడుపొస్తోంది. అందుకే కాగితం మీద రాసి మీ క్యారేజీలో పెడుతున్నా.

నిన్న చర్చిలో పాట పాడుతుంటే నా మెడ వంకే చూసి, ముఖం తిప్పేసుకున్నారు. ఎందుకండీ? మెడ నల్లబడింది, పులిపిర్లు లేచాయి, నాకూ తెలుసు. ఆశాజ్యోతి వదిన కూడా చూసి, "ఏటే ఫెబా, మెడంతా ఇలాగైపోనాది? పులిపిర్లకి తల ఎంట్రుక కట్టీ, అవే ఊడిపోతాయి" అంది. పెళ్ళిరోజు లోపల అన్నిటికీ కట్టేస్తాను. అప్పుడైనా నా వైపు చూస్తారుగా.

మీ ఫెబా


మంగళవారం

ప్రియమైన ఫెబా,

పిచ్చిదానా, వెంట్రుకా వద్దు, గింట్రుకా వద్దు. పుండు పడితే? నాకు కన్నీళ్ళొచ్చి ముఖం తిప్పుకున్నాను. మా అమ్మ ఆరోగ్యమ్మ మెడ అచ్చం ఇలాగే ఉండేది. రోల్డ్‌గోల్డ్ గొలుసు మరకేమో అనుకుని నిమ్మచెక్కతో రుద్దుకునేది. కాలి పుండు ఎంతకీ మానకపోతే అప్పుడు తెలిసింది షుగరని. ఆ పుండుతోనే అమ్మ పోయింది.

ఇవాళ మా ప్లాంట్ డాక్టరుగారిని అడిగాను. పులిపిర్ల వల్ల ఏ హానీ లేదట. కానీ మెడ నల్లబడి, అవి ఎక్కువగా లేస్తుంటే, కొందరికి ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచెయ్యడం లేదని గుర్తట. రక్తపరీక్ష చేయించుకో. నువ్వు లేని ఇంట్లో నేనుండలేను.

నీ ఐజాక్


బుధవారం

ప్రియమైన ఏడుపుగొట్టు గారికి,

మీ ఉత్తరం బస్సులో చదివి నేనూ ఏడ్చాను. కట్టుకున్నవాడికే వికారంగా కనిపిస్తున్నానని నాకు అన్నం సయించలేదు తెలుసా?

సరే, రక్తమిస్తాను. కానీ మీరూ ఇవ్వాలి. మీ మెడా నలుపేగా అంటే, "నాది ఫర్నేస్ నలుపు, నీకేటి తెలుస్తాది" అని టవల్ చుట్టుకుంటారు. మీరు రాకపోతే నేనూ రాను. సూదంటే నాకు భయం, చెయ్యి పట్టుకోడానికైనా రండి.

మీ ఫెబా


మళ్ళీ మంగళవారం

ప్రియమైన ఐజాక్,

పేరు పెట్టి పిలిచానని కోప్పడకండి. ఆదివారం మనిద్దరం ఇచ్చిన రక్తానికి రిపోర్టులొచ్చాయి. డాక్టరమ్మకి చూపించుకొచ్చాను. డ్యూటీలో చదవకూడదని క్యారేజీలో కాకుండా మీ దిండు మీద పెడుతున్నా.

నాకు షుగర్ ఇంకా రాలేదు, అంచున ఉందట. రోజూ నడిచి, తిండి మార్చుకుంటే వెనక్కి మళ్ళొచ్చట. వచ్చింది మీకండీ. బాగానే ఎక్కువుంది. నా మెడ చూసి భయపడ్డ మనిషి, సొంత మెడని ఇన్నాళ్ళూ టవల్ కింద దాచుకున్నారు. అది ఫర్నేస్ చేసిన నలుపు కాదట.

మందులు మొదలుపెడితే అదుపులో ఉంటుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అత్తయ్యకి ఆలస్యంగా తెలిసింది, మనకి ఇప్పుడే తెలిసింది. రేపు సెలవు పెట్టాను, ఆవిడ దగ్గరికి కలిసి వెళ్దాం.

నాకు మాత్రం చాలా భయంగా ఉంది. మీరు నాకు ముసలయ్యేదాకా కావాలి. ఇది చదవగానే నన్ను లేపండి. నిద్రపోతున్నట్టే కనిపిస్తాను, నమ్మకండి.

మీ ఫెబా