లోపలి కుట్టు

మార్చి 4
మా చిట్టికి జబ్బట! జబ్బే, తిండి కాదు! కూతురికి జబ్బని తెలిసి సంబరపడే తండ్రిని లోకంలో నేనొక్కణ్ణే ఉంటాను. ఉండనీ.

రెండేళ్ళుగా ఎన్ని మాటలు పడింది నా తల్లి! ముఖం ఉబ్బింది, మెడ వెనక మూపురం, పొట్ట మీద ఊదారంగు చారలు, ముప్పై నాలుగేళ్ళకే బీపీ, షుగరు. పిల్ల తింటోందా మింగుతోందా అని మా పెద్దక్క. మా ఆవిడేమో ముద్దలు లెక్కపెట్టి వడ్డించడం.

ఇవాళ కొత్త డాక్టరమ్మ దగ్గరికి నా కొలతల పుస్తకం పట్టుకెళ్ళాను. నలభై ఏళ్ళుగా టైలర్ని, చిట్టికి విడిగా ఓ పేజీ ఉంది. నడుం ముప్పై నుంచి నలభై. చేతి చుట్టుకొలత పదకొండున్నర నుంచి పది! లావయ్యే మనిషికి చెయ్యి సన్నబడుతుందా? రాసిన వెధవని నేనే, ఒక్కసారన్నా ఆ రెండంకెలూ కలిపి చదివానా! డాక్టరమ్మ వేలు పెట్టి రెండుసార్లు చదివింది. తిండితో ఇలా అవదమ్మా, కార్టిసోల్ అనే హార్మోను ఎక్కువైనట్టుంది అంది. చిట్టి అక్కడే ఏడ్చేసింది. నేనూ.

స్టెరాయిడ్ మాత్రలు, పూతలు ఏమైనా వాడావా అని గుచ్చి గుచ్చి అడిగింది. బయట నుంచి వచ్చిందా, లోపలే పుట్టిందా ముందు తేలాలట. మా ఆవిడ సంచి బోర్లించి పౌడరు డబ్బాతో సహా చూపించింది. ఏమీ లేవు.

మార్చి 7
ఒక రోజంతా పోసిన ఒంటేలు క్యానులో పట్టాలి. ఫ్రిజ్‌లో పెట్టాలి. నా ఫ్రిజ్‌లోనా, చస్తే ఒప్పుకోను అంది మా ఆవిడ. పెట్టాం. పాలగిన్నె కింది అరకి దిగింది.

మార్చి 9
రాత్రి పదకొండింటికి ఒక మాత్ర, పొద్దున ఎనిమిదింటికి రక్తం. మూడు అలారాలు పెట్టాను, చిట్టి నవ్వింది. నవ్వి ఎన్నాళ్ళయిందో!

మార్చి 14
మాత్ర వేస్తే కార్టిసోల్ తగ్గాలట. తగ్గలేదు. ఒంటేల్లోనూ మూడింతలుంది. జబ్బు ఖాయం. ఎక్కడ పుట్టిందో తేలితేనే వైద్యం.

నా భాషలో రాసుకుంటాను. తలలో మాస్టరున్నాడు, చీటీ పంపుతాడు. కిడ్నీల మీది రెండు గ్రంథులూ ఇద్దరు కుట్టేవాళ్ళు, చీటీ చూసి కార్టిసోల్ కుడతారు. మాస్టరే ఒళ్ళు తెలీకుండా చీటీలు పంపుతున్నాడా, కింద ఎవడైనా చీటీ లేకుండానే కుట్టేస్తున్నాడా? చీటీ పేరు ఏసీటీహెచ్. దానికి మళ్ళీ రక్తం తీశారు.

తలలో అయితే? రాయబుద్ధి కావట్లేదు.

మార్చి 18
చీటీలు దాదాపు లేవు! తలలో కాదు! డాక్టరమ్మ చెప్పగానే లేచి దండం పెట్టాను. కూర్చోండి పెద్దాయనా, ఇంకా స్కానింగుంది అంది.

మార్చి 20
దొరికాడు. ఎడమ కిడ్నీ మీద, మూడు సెంటీమీటర్ల గడ్డ. చూడ్డానికి చెడ్డదానిలా లేదట, తీసి పరీక్ష చేశాకే గట్టిగా చెబుతారట.

ఒకటి రాయాలి. చిట్టి ఆఫీసుకి వెళ్ళాక దాని బట్టలు తీసి, పక్క కుట్లు విప్పి, లోపల మడిచిన గుడ్డ వదిలి మళ్ళీ కుట్టేవాణ్ణి. రెండేళ్ళు. బట్ట బిగిస్తే పిల్ల మనసు చివుక్కుమంటుందని. బిగిసి ఉంటే ఏడాది ముందే డాక్టరు దగ్గరికి పోయేది కాదూ? నా గారాబమే పిల్ల కొంప ముంచింది.

ఏప్రిల్ 3
ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళారు. 9.10.

ఏప్రిల్ 12
క్యాన్సర్ కాదు. కాదు. కుడివైపు కుట్టేవాడు ఇన్నాళ్ళూ పనిలేక నిద్రపోయాడట, వాడు లేచేదాకా మాత్రలు వేసుకోవాలి. వేసుకుంటుంది.

చెప్పాల్సినవాళ్ళు:
పెద్దక్క: మొదట. తిండి కాదని రెండుసార్లు.
తమ్ముడు: అరవాలి, చెవుడు.
బావమరిది: డైట్ చార్టు పంపినవాడు. చార్టు తిరిగి ఇచ్చెయ్యాలి.
పిన్ని, పిన్ని కోడలు: ఒకరికి చెబితే చాలు, పోట్లాడుకుంటూ రెండోవాళ్ళకి చేరుస్తారు.
చిట్టి: కుట్ల సంగతి. ఈ పేరు కొట్టేశాను. ముందే తెలుసట. నల్ల కుర్తాకి నీలం దారం వేశానట. నువ్వు బాధపడతావని ఊరుకున్నా, ముందు కళ్ళజోడు మార్చు నాన్నా అంది.