బాపు వేలిముద్ర కావాల్సిన కాగితం

బాపుకు, అవ్వకు కాళ్లు మొక్కి మీ కొడుకు ఓదెలు రాసుకుంటున్న ఉత్తరం. నేనిక్కడ బాగానే ఉన్నాను, మీరంతా బాగున్నారని తలుస్తాను. చెల్లె సరోజా, చదివి వినిపించేది నువ్వే కాబట్టి ముందే చెబుతున్నాను. బాపు డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, తిన్నాక నిమ్మళంగా చదువు. ఒక్క ముక్క కూడా మింగకు. అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బర్రె ఈనిందా? అన్నీ రాయి.

హైదరాబాదులో చలి మొదలైంది. మన బెల్లంపల్లిలో అయితే ఇంటి ముందు బొగ్గు కుంపటి ఉండేది, ఇక్కడ విమానం నడపడం నేర్పే ఈ క్లబ్బు షెడ్డులో రేకులూ ఈదురుగాలీ తప్ప ఏమీ లేవు. విమానాలు తుడవడం, పెట్రోలు పట్టడం, చక్రాల కింద చెక్కలు పెట్టడం నా పని. హోటల్లో అన్నం తెల్లగానే ఉంటుంది గానీ తిన్నట్టే ఉండదు. అవ్వ కాచే మక్క గటక మీదికి పాణం పోతోంది. ఆదివారం గదిలో ఒక్కణ్ణే ఉంటే ఏమీ తోచదు. అయినా ఫికర్ చేయకండి, బాగానే ఉన్నాను.

బాపూ, పోయిన ఉత్తరంలో నువ్వడిగిన మాట సరోజ ఉన్నదున్నట్టు రాసింది. "బస్సు నడుపుడు ఆర్నెల్లల్ల వస్తది. గీ ఇమానం నడుపుడు ఎన్ని దినాలకు వస్తదట? ఏమేం గావాల్నట?" అది చదివి ఎంత సంబరపడ్డానో! నేను పైలట్ అవుతానన్న రోజు "మన ఖాందాన్ల బొగ్గుబాయిల కిందికి దిగినోళ్లే గని మీదికి ఎక్కినోడు లేడు" అని నవ్వి ఊరుకున్నావు. ఇప్పుడు నువ్వే అడుగుతున్నావు. అందుకే ఇక్కడ కనబడ్డవాళ్లనల్లా అడిగి విసిగించాను.

చదువు మెట్రిక్ చాలట. లెక్కలూ ఇంగ్లీషూ బాగా రావాలి. పదిహేడేళ్లు నిండాలి, నాకు పందొమ్మిది. అన్నిటికంటే గట్టిది డాక్టరు పరీక్ష. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి గిర్రున తిప్పి, లేచి గీత మీద నడవమన్నాడు. వెనక నిలబడి గుసగుసగా అంకెలు చెప్పి, తిరిగి చెప్పమన్నాడు. రంగురంగుల చుక్కల పుస్తకం తెరిచి, అందులో దాగిన అంకె ఏదన్నాడు. అన్నీ చెప్పాను బాపూ!

ఇక కాలం సంగతి. మొదట గురువుతో కలిసి పది పదిహేను గంటలు ఎగరాలి. గంటలంటే గాలిలో ఉన్నవే, నేల మీద ఎదురుచూసినవి లెక్కకు రావు. ఆ తర్వాత ఒకనాడు ఆయన చెప్పాపెట్టకుండా దిగిపోయి, ఒక్కడినే పొమ్మంటాడట! మబ్బుల గురించీ ఇంజను గురించీ దారి పటాల గురించీ రాత పరీక్షలుంటాయి. దీనికే ఏడాది పడుతుంది. అప్పటికి నడపొచ్చు గానీ జీతానికి కాదు. జనాన్ని ఎక్కించుకోవాలంటే రెండు వందల గంటలకు పైనే ఎగరాలి, ఇంకో రెండు మూడేళ్లు. అంత కాలం ఎందుకని ఇక్కడ నేర్పే గురువుగారినే అడిగాను. "ఎక్కుడు జల్దినే వస్తది. ఎప్పుడు ఎక్కద్దో తెలిసెతందుకే గన్ని దినాలు" అన్నాడు.

ఇక్కడ పనిచేసేవాళ్లలో ఏడాదికి ఒకరికి ఫీజు లేకుండా నేర్పుతారు. ఈసారి నా పేరు రాసుకున్నారు. ఇరవై ఒకటి నిండనివాళ్లు తండ్రి ఒప్పుకున్నట్టు కాగితం ఇవ్వాలని ఇక్కడి రూలట. ఇక్కడే తప్పు చేశాను. సరోజా, గొంతు తగ్గించకు. బాపూ, నీ వేలిముద్ర ఉండాల్సిన చోట నా బొటనవేలు సిరాలో ముంచి ఒత్తాను. ఏ ముద్రైనా ముద్రే కదా, ఎవరు చూడొచ్చారు అనుకున్నాను.

ఆఫీసులో ఒక ముసలి గుమాస్తా సాబ్ ఉన్నాడు. కాగితాన్ని కిటికీ వెలుగులో పట్టి చూసి, "మీ బాపు ఏం పని జేస్తడు బేటా?" అన్నాడు.

"బొగ్గుబాయిల సాబ్. ఇరవై ఏండ్ల సంది చెమ్మస్ పార‌తోని బొగ్గెత్తుతడు" అన్నాను.

"ఇరవై ఏండ్లు బొగ్గెత్తినోని ఏలు గింత సాఫుగ పడతదా? ఒక్క గీత అరగలే, ఒక్క కోత లేదు. తాసిల్ కచేరిల నౌకరి జేసినన్ని దినాలు రైతుల ముద్రలే జూసిన నేను. గిది బుక్కులు పట్టిన ఏలు."

సిగ్గుతో చచ్చిపోయాను. సాబ్ ఆ కాగితం చింపేసి కొత్తది నా చేతిలో పెట్టాడు. "నేను ఎవ్వలకు జెప్ప. నెలాఖరు దాక ఆగుత. అసలు ఏలు తే" అన్నాడు.

తప్పయింది బాపూ. నీకు చదువు రాదని అలా చేయలేదు, వద్దంటావేమోనని భయపడి చేశాను. కొత్త కాగితం ఇందులోనే పెట్టాను. సరోజా, ఇంగ్లీషు కింద తెలుగులో రాశాను చూడు. మూడో వాక్యం దాటేయకు. విమానం పడి ప్రాణం పోతే ఎవరిదీ బాధ్యత కాదని ఉంది. అవ్వ వింటుందని నాకూ జంకుగానే ఉంది, అయినా చదువు. బాయి పనిలో చేరిన రోజు ముద్ర వేయించుకున్న కాగితంలో ఏముందో ఈనాటికీ ఎవరూ చెప్పలేదంటావు కదా బాపూ. నా కాగితం అలా కావద్దు.

పెద్దబాపుకు, పెద్దమ్మకు నా దండాలు చెప్పండి. ఇటు ఎవరైనా వస్తే కొంచెం మక్క రవ్వ పంపండి.

బాపూ, అంతా విని, రెండు రోజులు ఆలోచించు. మనసొప్పితే వేలు ఒత్తు. ఒప్పకపోతే ఖాళీ కాగితమే పంపించు. దాన్నలాగే తీసుకుపోయి సాబ్ చేతిలో పెట్టి, ఇది మా బాపు మాట అని చెబుతాను.

మీ దీవెన కోరే కొడుకు,
ఓదెలు