ఆ మెసేజీ మీద పాఠం

అన్నయ్యా,

నిన్ను చంపి ఇవాళ్టికి ఏడాది. దారి ఎటని ఓ పాపను అడిగావు, అంతే. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న మెసేజీని నమ్మినవాళ్లు నిన్ను మామిడితోట పక్కన తల పగిలేదాకా కర్రలతో కొట్టారు.

అందుకే, వార్తల్లో నిజమేదో తేల్చడం నేర్పే మీడియా విద్యలో ఆన్‌లైన్ పీజీకి చేరాను. ఈరోజు తిరువూరు బడిలో నేను పాఠం చెప్పే తొమ్మిదో తరగతి బోర్డు మీద ఆ మెసేజీనే రాసి, "ఇది నిజమో కాదో ఎలా తేలుస్తారు?" అని అడిగాను.

ఒక అమ్మాయి లేచింది. "మీ అన్నయ్యని కొట్టినోళ్లలో మా నాన్న ఉన్నాడు టీచర్. బెయిలు మీద వచ్చాడు."

ఆ పిల్లను గోడకేసి కొట్టాలనిపించింది. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"ఆయన ఇప్పటికీ అది నిజమే అంటున్నాడు. ఎలా తేల్చాలో చెప్పండి టీచర్, ఇంటికెళ్లి చెప్తాను."

చెప్పాను అన్నయ్యా. గంట కొట్టినా ఆపలేదు.