పుండుకు అంటుకోని పట్టీ

మంగళవారం, ఆత్మకూరు

కోపం ఇంకా దిగలేదు. మరిగే నూనె పడి చెయ్యి కాలిన మిర్చిబండి షాహీన్ ఈ రోజు కట్టు మార్పించుకోవడానికి మా దవాఖానకు వచ్చింది. గాజుగుడ్డ పుండుకు అతుక్కుపోయింది. సెలైన్‌తో తడిపి తీసినా కొత్త చర్మం ఊడి వచ్చింది.

"జర ఆగు సిస్టరమ్మా," అంది, నా భుజం గట్టిగా పట్టుకుని.

పుండుకు అంటుకోని, నీరు నిండిన మెత్తటి హైడ్రోజెల్ పట్టీలు ఇప్పుడు దొరుకుతున్నాయి. సాగదీసినా చిరగని కొత్త రకాన్ని నర్సుల శిక్షణలో నా చేత్తోనే లాగి చూశాను. అవి తెప్పించమని డాక్టరును అడిగాను.

"ఈడోళ్ళకు గాజుగుడ్డ సాలు," అన్నాడు.

"మీ చెయ్యి కాలినా గిట్లనే గుంజుతమా సార్?"

ఆయన ఫోను చూసుకున్నాడు. పట్టీలు కావాలని ఇండెంటు రాసి ఆయన బల్ల మీద పెట్టాను, ఆయన సంతకం చెయ్యలేదు.

ఎల్లుండి షాహీన్ మళ్ళీ వస్తుంది. ఆ గుడ్డ లాగాల్సింది ఆయన కాదు, నేను.