నేల తాకని కాయ

తమ్ముడు రత్నసభాపతికి, ఉడుమలైపేట తోపు నుంచి అన్న రాసేది.

మీ దీవి పక్కన సముద్రం అడుగున పెట్రోలు నూనె దొరికినాక, మీ ఊళ్ళో అందరూ వలలూ చెట్లూ వదిలేసి ఆ పనికే పోయినారంట. మీ టెంకాయలు రాలి కుళ్ళుతుంటే మా ఊరి కాయలు ఓడలో తెప్పించుకుంటున్నారంట. నవ్వొచ్చింది. నీకు మేడ, కారు వచ్చినాయంట. రానీ. నేనేమీ అడగలేదు.

మన ఊరి కోవిలకు వెండి తలుపు చేయించినావని ఈసారి పండగలో మొదటి కాయ కొట్టే మరియాద నీకే అంటున్నారు. "మీ తమ్ముడు ఇప్పుడు పెద్ద ఆళు, గొప్పోడు, అన్నా" అని పూజారి నా మొహం మీదే అన్నాడు. ఇన్నేళ్ళూ అది నాది. మన దేవరకు సొంత చెట్టు నుంచి కోసి, నేల తాకకుండా తాడుతో దించిన కాయే కొట్టాలి. అది నీ దగ్గర లేదు.

నా దగ్గరా లేదు. నా చెట్లెక్కే మాణిక్కం కూడా నీ దీవికే నూనె పనికి వచ్చేసినాడు. మొన్న నేనే ఎక్కినాను. సగంలో కాలు జారింది. బాత్రూంలో పడినానని నీ వదిన గోమతి ఊరంతా చెప్పింది.

పండగలోపల మాణిక్కాన్ని పంపు. తోపులో నీ పాలికొచ్చిన రెండు చెట్లకూ నేనే నీళ్ళు కడుతున్నాను. నీకూ ఒక కాయ దించమంటాను.

ముందు నాది.